మన్ను దించని ఓబమ్మ

పూర్వం వెలిగొండల తూర్పు పాదాన, కొండవాలు ముగిసి మైదానం మొదలయ్యే ప్రదేశంలో, గట్టునాడు, రేగడినాడు అనే రెండు చిన్న సీమలు పక్కపక్కనే వర్ధిల్లుతూ ఉండేవి. పడమటిదైన గట్టునాడు కొండను ఆనుకొని ఉన్నందున అక్కడి నేల ఎర్రనిది, గులకరాళ్ళతో నిండినది. కొర్రలకూ ఆముదాలకూ తప్ప మరి దేనికీ లొంగేది కాదు గనుక అక్కడి జనులు ఎక్కువగా మేకలనూ గొర్రెలనూ నమ్ముకొని జీవించేవారు. తూర్పుదైన రేగడినాడు చూపు ఆనినంత మేర నల్లని నేల. వాన పడితే మోకాటిదాకా దిగబడుతుంది, ఎండ కాస్తే మనిషి కాలు పట్టేంత నెర్రెలు విచ్చుతుంది, జొన్నా పత్తీ మాత్రం కళ్ళు చల్లబడేటట్టు పండుతాయి. గట్టునాటివారు రేగడినాటివారిని బురదకాళ్ళవాళ్ళనీ, రేగడినాటివారు గట్టునాటివారిని రాళ్ళు వండుకొని తినేవాళ్ళనీ ఎగతాళి చేసేవారు. ఇంత ఎగతాళి ఉన్నా పిల్లను ఇచ్చిపుచ్చుకోవడం మాత్రం ఏ కాలంలోనూ మానలేదు; కనుక ఎగతాళి చేసే ప్రతి ఇంటిలోనూ అవతలి నాటి నుండి వచ్చిన కోడలు ఒకతె పొయ్యి దగ్గర కూర్చుని ఆ మాటలు వింటూనే ఉండేది.

ఈ రెండు సీమలకూ నడుమ సొనవాగు ఉత్తరం నుండి దక్షిణానికి పారేది. వాగుకు పడమటి గట్టు వారిది, తూర్పు గట్టు వీరిది. పూర్వులు చేసిన ఆ ఏర్పాటులో వాగు కదలనంత కాలం వంక పెట్టడానికి ఏమీ లేదు. అయితే ఒక సంవత్సరం కొండమీద కుంభవృష్టి కురిసి, వాగు ఎన్నడూ ఎరుగని ఉద్ధృతితో పొంగి, తాబేటిగుండు అనే పెద్ద బండ దగ్గర తన పాత దారిని విడిచిపెట్టి, ఒడ్డున పాతిన పొలిమేర రాళ్ళను పెకలించుకొని, ఎక్కడెక్కడో పారి, చివరకు తానే తెచ్చుకున్న ఇసుకమేటల కింద అణగిపోయింది. దక్షిణాన మోదుగుల దగ్గర పాత రాళ్ళు మళ్ళీ కనబడేదాకా, ఎవరి నేల ఎంతవరకో చెప్పే ఆనవాలు పైకి ఒక్కటీ మిగలలేదు. వరద తీసిన కొన్నాళ్ళకు ఆ మేటల నడుమ నేల చెమ్మగిల్లి, ఒక ఊట పుట్టి, నిర్మలమైన జలం చిన్న గుండంగా నిలిచింది.

గట్టునాటిలో బావి తవ్వితే బండ తగులుతుంది, రేగడినాటిలో బావి తవ్వితే ఉప్పునీరు పడుతుంది. అటువంటి చోట ఏ ఎండకూ తగ్గని తియ్యని ఊట పుట్టడం దైవానుగ్రహమే అయినా, ఆ అనుగ్రహం ఎవరి నేలలో పుట్టిందో చెప్పకుండా పుట్టడం వల్ల చిక్కు వచ్చిపడింది. వాన సమృద్ధిగా ఉన్నంతకాలం ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. వరుసగా ఏళ్ళు ఎండి, చెరువులు పగిలి, పశువులు నాలుకలు చాచిన తరువాత, ఊట దగ్గర మొదట మాటలు, ఆ తరువాత కుండలు, చివరకు తలలు పగిలాయి. గట్టునాటికి నాయకుడు తిప్పానాయుడు, రేగడినాటికి నాయకుడు గంగినాయుడు. ఇద్దరూ చెడ్డవారు కారు, తమ తమ జనం దాహం చూడలేనివారు. చెడ్డవారే అయితే ఈ కథ ఇంకా తొందరగా తేలిపోయి ఉండేది. ఒకరి పొడ ఒకరికి గిట్టకపోయినా, వీధులలో రక్తం పారకముందే మేలుకొని, పొలిమేర తొక్కించడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు.

పొలిమేర తొక్కించడం ఆ సీమలలో తాతల కాలం నుండి ఉన్న ఆచారం. రెండు నాడుల మట్టినీ కలిపి నీళ్ళతో పిసికి ఒక పెద్ద ముద్ద చేస్తారు. ఉభయులకూ సమ్మతమైన మనిషి ఒకరు తలస్నానం చేసి, తడిబట్టతో, ఎర్రగన్నేరు దండ మెడలో వేసుకొని, కుదురైనా పెట్టుకోకుండా ఆ మట్టిముద్దను నేరుగా తలపై ఎత్తుకొని, పూర్వపు హద్దు ఏదో ఆ హద్దు వెంట నడవాలి. వెనుక వచ్చేవారు ఆ అడుగులలోనే రాళ్ళు పాతుతారు. ఎత్తుకున్నవారు వెనక్కు తిరగరాదు. అనుమానంతో ఒక్క అడుగైనా వేయరాదు. వారిని ఎవరూ నెట్టరాదు, లాగరాదు, ముద్దను మరొకరు తాకరాదు. ముద్దను ఎక్కడ దించితే అక్కడ హద్దు తేలినట్టు, దించేదాకా ఆ నేల ఎవరిదీ కానట్టు లెక్క. మోసినవారు అబద్ధపు అడుగు వేస్తే తలమీది మట్టి అప్పుడే పొడిపొడిగా రాలిపోతుందనీ, వారి వంశం కూడా అట్లాగే రాలిపోతుందనీ చిన్నపిల్లలకు కూడా తెలుసు.

మోసే మనిషి ఎవరన్న ప్రసంగం వచ్చేసరికి పెద్దలు రోజంతా తగువు పడవలసి వస్తుందని చద్దిమూటలు కూడా తెచ్చుకున్నారు. ఎవరో గొల్ల ఓబమ్మ పేరు చెప్పారు. తిప్పానాయుడు వెంటనే సరే అన్నాడు. ఆ మాట పూర్తికాకముందే గంగినాయుడూ సరే అన్నాడు. ఏ విషయంలోనూ ఏకమాట మీద నిలవని ఇద్దరు నాయకులు క్షణంలో ఏకీభవించినందుకు పెద్దలు ఆశ్చర్యపడి, తెచ్చుకున్న చద్దులు విప్పకుండానే ఇళ్ళకు పోయారు. ఓబమ్మ రేగడినాటిలో పుట్టి గట్టునాటిలో మెట్టిన మనిషి. ఆమె మా నాటి కోడలు, కొడుకును ఇక్కడే కని పెంచింది, కాబట్టి మావైపే మొగ్గుతుందని తిప్పానాయుడు లోలోపల సంబరపడ్డాడు. ఆడదానికి పుట్టింటి మీద మమకారం కాటికి పోయేదాకా పోదు, కాబట్టి మావైపే మొగ్గుతుందని గంగినాయుడు దారిపొడుగునా మీసం దువ్వుకుంటూ పోయాడు. అబద్ధమాడదని పేరున్న మనిషిని ఎన్నుకొని, ఆమె తమకోసం ఒక్క అడుగైనా అబద్ధం నడుస్తుందని ఇద్దరూ ఆశపడ్డారు. ఆ సీమల చరిత్రలో తెలిసి చేసిన పొరపాట్లు ఎన్నో ఉన్నాయి గాని, ఇంత సంతోషంగా చేసినది మరొకటి లేదు.

ఓబమ్మ అప్పటికి తల నెరిసిన విధవరాలు. పెళ్ళికి ముందు తండ్రి మేకలను వాగు తూర్పుగట్టున, పెళ్ళైన తరువాత మగని గొర్రెలను పడమటి గట్టున మేపినందున, ఆ వాగు రెండు ఒడ్డులూ ఆమె కాళ్ళకు తెలుసు. భర్త పోయాక కొడుకు కొండయ్యను ఒంటిచేత్తో సాకి ఇంటివాణ్ణి చేసింది. పుట్టింట తమ్ముడు సింగన్న, అతని భార్యా పిల్లలూ ఉన్నారు. కొండయ్య భార్య చెంచులమ్మకు అప్పుడు నెలలు నిండి ఉన్నాయి. పెద్దలు వచ్చి మట్టి ఎత్తమని అడిగినప్పుడు ఓబమ్మకు ఊరి గౌరవం కన్నా కోడలి నొప్పులే ఎక్కువగా గుర్తుకు వచ్చాయి. అయినా, ఒక్క పూట నడకే గదా, పొద్దువాలేసరికి ఇంటికి చేరి మంత్రసానికి కబురు పెట్టవచ్చునని తలచి ఒప్పుకుంది. పోయేముందు పొయ్యి మీద సంకటికి ఎసరు పెట్టి, "నేనొచ్చి కెలుకుతాలే, నువ్వు వంగబాక" అని కోడలికి చెప్పి మరీ బయలుదేరింది.

తెల్లవారి తాబేటిగుండు దగ్గర రెండు నాడుల జనమూ కూడారు. ఎర్రమట్టీ నల్లమట్టీ పూర్తిగా కలవక చారలు చారలుగా ఉన్న ముద్దను ఓబమ్మ తానే తలపై ఎత్తుకొని, ఒక చేత్తో పట్టుకొని, దక్షిణముఖంగా నడక సాగించింది. పైకి ఆనవాళ్ళు లేకపోయినా, ఇక్కడ మేకపిల్ల జారిపడిన మలుపు, ఇక్కడ తాను జమ్ము కోసిన పల్లం అని అడుగడుగునా ఆమెకు జ్ఞాపకం వచ్చేది. ఆమె అడుగు తీసినచోట వెనకవారు రాయి దించుతూ వచ్చారు. గట్టునాటివారు తమదనుకున్న చేను కొంత అవతలికి పోయింది, రేగడినాటివారు తమదనుకున్న బీడు కొంత ఇవతలికి వచ్చింది. అయినా తలమీది మట్టి నలుసంతైనా రాలకపోవడం చూసి అందరూ ఆ రాళ్ళకు ఒప్పుకున్నారు. అందరి మనస్సూ ముందున్న ఊట మీదనే ఉంది. ఊటకు తూర్పుగా ఆమె నడిస్తే నీళ్ళు గట్టునాటివి, పడమరగా నడిస్తే రేగడినాటివి.

ఊట ఎదురుగా వచ్చి ఓబమ్మ ఆగింది. అలుపు తీర్చుకుంటున్నదని అనుకొని జనం కాసేపు ఊరుకున్నారు. ఆమె కళ్ళు ఇసుకమేటల మీద అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఆ చోట వరద నేలను పూర్తిగా తిరగవేసింది. పల్లం మెరక అయింది, మెరక గుండమయింది. చిన్ననాట చూసిన వాగు ఈ గుండానికి ఏ పక్కగా పోయేదో ఎంత తలచుకున్నా ఆమెకు తోచలేదు. తోచినట్టు నటిస్తే చాలు, పని అయిపోతుంది. కుడివైపు కొడుకు కొండయ్య గొర్రెల దప్పిక అంతా కళ్ళలో పెట్టుకొని నిలబడి ఉన్నాడు. ఎడమవైపు తమ్ముడు సింగన్న, చిన్నప్పుడు ఆమె చంక దిగకుండా తిరిగినవాడు, తల వంచుకొని నిలబడి ఉన్నాడు.

"ఏందమ్మా ఆగినావు? ఒక్క అడుగు తూర్పుకెయ్యి. ఎవురు చూడొచ్చినారు?" అని కొండయ్య ముందుకు వంగి మెల్లగా అన్నాడు.

"అక్కా, మన నాయన మేకలు తాగిన వాగు గదా ఇది," అని మాత్రం అన్నాడు సింగన్న.

ఓబమ్మకు ఆ క్షణాన కోపం ముంచుకు వచ్చింది. తనను ఎందుకు ఎన్నుకున్నారో, నాయకులు ఎందుకంత తొందరగా ఒప్పుకున్నారో అప్పుడు ఆమెకు తేటతెల్లమయింది. "నాకు తెలవదు," అని పెద్దగా, రెండు నాడులూ వినేటట్టు చెప్పింది. "ఈడిదాకా తెలుసు, నడిచినా. ఈ ఊట తావు నాకు తెలవదు. తెలవని అడుగు నేనెయ్యను."

జనం గొల్లుమన్నారు. తెలియకపోవడమేమిటని కొందరు, ఏదో ఒక అడుగు వేయమని కొందరు, వేరొకరిని పిలుద్దామని కొందరు కేకలు పెట్టారు. కానీ ఎత్తినవారే దించాలి గనుక వేరొకరు లేరు. వెనక్కు తిరగరాదు గనుక వచ్చిన దారిన పోలేదు. అనుమానంతో అడుగు వేయరాదు గనుక ముందుకు పోలేదు. నిలుచున్న చోటనే దించితే ఆ చోట రాయి పడి ఊట ఎవరో ఒకరిది అయిపోతుంది. ఆచారాన్ని కల్పించిన పెద్దలు ఎన్నో ఆలోచించారు గాని, మోసే మనిషి నిజాయితీగా తెలియదు అంటే ఏమి చేయాలో ఆలోచించలేదు. ఓబమ్మ ఈ సంగతులన్నీ తనలో తాను తర్కించుకొని, ఊట పక్కన తాను నిలుచున్న చోటనే ఉన్న చిన్న బండకు వీపు ఆనించి, తలమీది మట్టితోనే కూర్చుంది. మోసేవారిని నెట్టరాదు, లాగరాదు. నాయకులు ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం చాలా ఏళ్ళ తరువాత ఆనాడే జరిగింది.

పొద్దువాలింది. ఇంటి దగ్గర ఎసరు ఇంకిపోయి ఉంటుందని ఓబమ్మకు దిగులు పుట్టింది. మరునాడు కూడా ఆమె లేవలేదు, ఆ మరునాడూ లేవలేదు. ఎండ కాసేది; ఆమె మట్టి పట్టుకున్న చెయ్యి మారుస్తూ, కూర్చునే కునికి, కూర్చునే మేల్కొనేది. ఆమెకు తెలిసి వస్తుందని మొదట ఆశపడ్డారు, మొండితనమని తరువాత విసుక్కున్నారు. ఇంతలో ఎవరూ గమనించకుండా ఒక విశేషం జరిగింది. మట్టి దించేదాకా ఆ నేల ఎవరిదీ కాదు గనుక, ఎవరినీ రావద్దనడానికి ఎవరికీ అధికారం లేకపోయింది. గట్టునాటి ఆడవారు పడమటి నుండి, రేగడినాటి ఆడవారు తూర్పు నుండి వచ్చి నీళ్ళు ముంచుకొని పోసాగారు. ముసలామె ఎదురుగా కూర్చుని చూస్తూ ఉంటే కుండ ముందు ముంచే హక్కు కోసం కొట్లాడడానికి వారికి సిగ్గు వేసేది. వచ్చినవారు ఆమె నోటికి ఇంత అంబలి అందించి, కూర్చుని రెండు మాటలు మాట్లాడి పోయేవారు. మగవారు ఇంకా హద్దు ఎటు పోతుందో తేల్చుకుంటూ ఉండగానే ఆడవారికి పశువుల కుడితి దాకా నీళ్ళు అందాయి.

నిండు గర్భిణి అయినా చెంచులమ్మ పొద్దున్నే నడిచి వచ్చేది. అత్త మెడ నరాలు తాళ్ళలాగా బిగుసుకొని ఉండడం చూసి, గిన్నెలో ఆముదం తెచ్చి మెడకు ఒక పక్క రాసి నిమిరేది. రెండోరోజే సింగన్న భార్య కూడా తూర్పు నుండి ఆముదం గిన్నెతో వచ్చింది. ఒకతె కుడిపక్క, ఒకతె ఎడమపక్క కూర్చుని, మట్టికి చెయ్యి తగలకుండా, ముసలామె మెడను మర్దించేవారు. ఆ సమయంలో మాత్రం ఓబమ్మ కళ్ళు మూసుకొని, "అబ్బ, ఆడ్నే తల్లీ, ఇంకా కొంచెం కిందికి" అని హాయిగా మూలిగేది. ఆ మాట విన్నవారందరికీ నవ్వూ వచ్చేది, దుఃఖమూ వచ్చేది.

చెంచులమ్మ ప్రసవించిన నాడు ఓబమ్మ అక్కడ లేదు. మంత్రసాని వచ్చి ఆడబిడ్డ అని చెప్పి పోయింది. పురిటిస్నానం అయినాక కోడలు బిడ్డను తెచ్చి అత్త ఒడిలో పడుకోబెట్టింది. తలమీద మట్టి బరువు, ఒడిలో బిడ్డ బరువు. ఒక చెయ్యి పైనుండి తీయడానికి లేదు. మిగిలిన ఆ ఒక్క చేతితోనే మనవరాలి అరికాలు పట్టుకొని ఓబమ్మ చాలాసేపు ఏడ్చింది. రెండు కాళ్ళూ చాపి, ఆ కాళ్ళ మీద బిడ్డను బోర్లా వేసుకొని, నలుగు పెట్టి, నీళ్ళు పోసి, సాంబ్రాణి వేయాలని ఆమె ఎన్ని నెలల నుండి ఎదురుచూసిందో కోడలికి ఒక్కదానికే తెలుసు. మట్టి దించి ఇంటికి పోవాలని ఆమె ఆనాడు ఆరాటపడినంతగా మరెన్నడూ పడలేదు.

నడివేసవి వచ్చింది. ఆ ఎండకు మట్టిముద్ద ఏనాడో ఎండి, బీటలు వారి, ధూళి అయి రాలిపోవలసింది. అది ఎండలేదు. పిసికిన నాటి చెమ్మ ఆనాటిదాకా చల్లగా అట్లాగే నిలిచి ఉంది. ఒక ఉదయం నీళ్ళకు వచ్చిన ఆడవారు చూసేసరికి ఆ మట్టిలో పచ్చని మొలకలు తలెత్తాయి. ఎర్రచారలో కొర్ర, నల్లచారలో జొన్న. రెండు నేలలూ ఎక్కడ కలిశాయో అక్కడ రెండు మొలకలూ ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉన్నాయి. మూడు కార్తెలుగా ఎక్కడా గరిక కూడా మొలవని ఆ సీమలో, ఒక ముసలామె తలమీద పైరు పచ్చగా ఊగింది. కబురు తెలిసి రెండు నాడులూ కదలి వచ్చాయి. నాయకులు ఇద్దరూ చెప్పులు విడిచి, తలపాగాలు తీసి ఆమె ముందు సాష్టాంగపడ్డారు.

"తల్లీ, నీళ్ళు ఇద్దరివీ. నేను ఒప్పుకుంటుండా," అన్నాడు తిప్పానాయుడు.

"నేనూ ఒప్పుకుంటుండా. ఇంక దించమ్మా. నీ కష్టం చూడలేకుండా ఉండాం," అన్నాడు గంగినాయుడు. ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళు ఉన్నాయి, ఆ నీళ్ళలో కపటం లేదు.

ఓబమ్మ ముఖం వికసించింది. బిడ్డ చల్లని అరికాలు ఆమె చేతికి తగిలినట్టయింది. "అట్లయితే యాడ దించేదో చూపియ్యండయ్యా," అంది.

"ఇదో, ఈడ," అని ఇద్దరూ ఒక్కసారే చెయ్యి చూపారు. తిప్పానాయుడి చెయ్యి ఊటకు తూర్పుపక్కను చూపుతోంది. గంగినాయుడి చెయ్యి ఊటకు పడమటి పక్కను చూపుతోంది. తాము ఏమి చేశారో వారికి తెలియదు. పక్కనున్నవారు నవ్వు ఆపుకోలేక తల తిప్పుకున్నాక గాని ఎవరి చెయ్యి వారు చూసుకోలేదు. చూసుకొని, వేడి పెనం తాకినవారిలాగా ఇద్దరూ వెనక్కు లాక్కున్నారు.

అందరికన్నా పెద్దగా నవ్వింది ఓబమ్మ. నవ్వి నవ్వి, మట్టి కదులుతుందేమోనని రెండు చేతులూ పైకెత్తి పట్టుకుంది. "మీ నోళ్ళు ఒప్పుకున్నాయి నాయనా, చేతులు ఇంకా ఒప్పుకోలేదు," అంది. ఆ తరువాత నవ్వు పోయి, ఆమె గొంతు మెత్తబడింది. "మీరు మంచోళ్ళే. మీరున్నన్నాళ్ళూ మాట నిలబెడతారు. నేను దించినచోట రాయి పడతది. మీ తరవాతోళ్ళు ఆ రాయిని చూస్తారు గాని మీ మాటను వినరు. దించకపోతే రాయి పడదు."

కొండయ్య వచ్చి తల్లి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. తూర్పుకు ఒక్క అడుగు వేయమన్న తన మాటే ఇంత పని చేసిందని అతనికి లోపల దహించుకుపోతోంది. "ఎన్నాళ్ళు మోస్తావమ్మా? ఇంటికి రావా?" అని అడిగాడు.

"రావాలనే ఉంది కొడకా," అంది ఓబమ్మ, దాచుకోకుండా. "పొయ్యి కాడ కూచోవాలని ఉంది. పిల్లకు నీళ్ళు పొయ్యాలని ఉంది. కానీ నేను లేచినాక ఈ ఆడోళ్ళు మళ్ళా కుండలు పగలగొట్టుకుంటారే, ఆ చప్పుడు ఇంటికాడికి ఇనపడదా? నిద్ర పడతదా నాకు?" ఇంతే చెప్పి ఆమె, బిడ్డను ఒడిలో వేయమని కోడలికి సైగ చేసింది. ఆనాటినుండి దించమని ఆమెను ఎవరూ అడగలేదు. చెంచులమ్మ రోజూ బిడ్డను తెచ్చి, ఊటనీళ్ళతో అత్త కాళ్ళ మీదనే స్నానం చేయించేది. నలుగు కోడలు పెట్టేది, పాట అత్త పాడేది.

మృగశిర వచ్చి మబ్బులు పట్టాయి. వాన పడగానే రెండు నాడుల జనమూ విత్తనాలకు పరుగెత్తారు. కొండయ్య మాత్రం తల్లి తడుస్తుందని గొంగడి తీసుకొని ఊట దగ్గరకు పరుగెత్తాడు. వానలో ఆమె ఎప్పటిలాగే బండకు ఆని కూర్చుని ఉంది. తలపై మట్టి కరిగి కారడం లేదు, మొలకలు నిగనిగలాడుతున్నాయి. గొంగడి కప్పబోయి భుజం తాకేసరికి చేతికి శిల తగిలింది. ముఖం, పైకెత్తిన చేతులు, వాటి నడుమ ముద్ద, చాచిన కాళ్ళు, అన్నీ ఆమెవే, అంతా ఏకశిల. కాళ్ళ కింద ఊట మునుపటికన్నా ఉద్ధృతంగా పొంగుతోంది. కొండయ్య ఆ శిలకే గొంగడి కప్పి, దాని ఒడిలో తల పెట్టుకొని, వాన వెలిసేదాకా ఏడ్చాడు.

ఆ క్షేత్రానికే దించనికోన అని పేరు. అమ్మవారికి గుడి కట్టాలని ఎందరో యత్నించారు గాని, గోడ కడితే ఏదో ఒక నాటిలో కట్టినట్టు అవుతుందని రెండు నాడుల పెద్దలూ ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఆమెకు ఆకాశమే కప్పు. తాబేటిగుండు నుండి వరుసగా వచ్చిన పొలిమేర రాళ్ళు ఊటకు ఇవతల ఆగిపోతాయి, మోదుగుల దగ్గర మళ్ళీ మొదలవుతాయి. తరువాతి కాలంలో గొలుసులు పట్టుకొని నేల కొలవడానికి వచ్చిన దొరలు ఆ ఖాళీని పూడ్చమని ఎన్నోసార్లు హుకుం ఇచ్చారట. ఏ రాయి నాటినా తెల్లవారేసరికి నీళ్ళలో వాలిపోయి కనబడడంతో విసుగు పుట్టి, పటంలో గీతను అక్కడ తెంపి వదిలేశారని ఆ సీమలవారు ముసిముసి నవ్వులతో చెబుతారు. మొదటి వానకు శిల మీద గొంగడి కప్పే హక్కు నేటికీ కొండయ్య వంశంవారిదే. రెండు నాడులలో ఎక్కడ తగువు వచ్చినా, సాక్షిగా పిలిచిన మనిషి "ఓబమ్మ మీద ఆన, నాకు తెలవదు" అంటే, ఆ పైన అతణ్ణి ఎవరూ గుచ్చి అడగరు.

ఏటా మృగశిరకు ముందు అక్కడ తిరునాళ్ళు జరుగుతాయి. గట్టునాటివారు ఎర్రమట్టిలో కొర్రలూ, రేగడినాటివారు నల్లమట్టిలో జొన్నలూ కలిపి తెచ్చి అమ్మవారి తలమీది శిలాముద్దపై ఉంచుతారు; నీళ్ళు చల్లితే అవి తిరునాళ్ళు ముగిసేలోగా మొలకెత్తుతాయి. కోరికలు కోరడం ఆ క్షేత్రంలో లేదు. ముగింపునాడు గట్టునాటి నుండి ఒక కోడలు, రేగడినాటి నుండి ఒక కోడలు ఆముదం గిన్నెలతో వచ్చి, చెరొక పక్క కూర్చుని, అమ్మవారి మెడకు నూనె రాసి మర్దిస్తారు. ఎన్ని తరాల చేతులు నిమిరాయో గాని, శిల మిగతా భాగమంతా గరుకుగా ఉండగా, ఆ మెడ ఒక్కటి నల్లగా, నున్నగా, సన్నబడి మెరుస్తూ ఉంటుంది.

మర్దన అయిన తరువాత కోడళ్ళు ఇద్దరూ వంగి, అమ్మవారి చెవి దగ్గర, "అత్తా, మెడ నొస్తున్నదా? ఇంక దించుకుంటావా?" అని అడుగుతారు. అప్పుడు తూర్పున నిలబడినవారూ పడమట నిలబడినవారూ ఆమెను జవాబు చెప్పనివ్వకుండా, చేతులు జోడించి, ఒక్క గొంతుతో, "వద్దు తల్లీ, ఇంకొక్క ఏడు మొయ్యి" అని వేడుకుంటారు. ఆ మాట అనడానికి వారికి ప్రతి ఏడూ సిగ్గుగానే ఉంటుంది. అయినా అంటారు, అని కుండలు ముంచుకొని ఇళ్ళకు పోతారు.